చక్రముల మీది గృహస్థాశ్రమము

చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు రైలున్నది, విమానమున్నది, సాయంకాలమెక్కినచో మరునాటికి ద్వారకా బస్ స్టేషనులో దింపు బస్సులున్నవి. ఇన్ని సదుపాయములుండగా, సుమారు 800 కిలోమీటర్ల యీ దారిని, గంటకు అరువది కిలోమీటర్లు మించుటను మహాపరాధముగా నెంచు ఒక పాత వ్యానులో, అందులోనే వండుకొని, అందులోనే పండుకొని, శివరాత్రి వెళ్ళిన పిదప బయలుదేరి ఫాల్గుణపు వెన్నెలలు పెరుగుచుండగా ఇల్లు చేరితిమని విన్నప్పుడు, మా వీధిలోని పెద్దమనుష్యులు నావంక చూచిన చూపులలో ఆశ్చర్యముకంటె జాలియే యెక్కువగా నుండెను.

వ్యాను మా బావమరిదిది. ఉక్కు కర్మాగారములోని వైరు రాడ్డు మిల్లునందు చిరకాలము పనిచేసి విరమించిన యీతడు, ఎఱ్ఱగా కాలిన ఉక్కు రోలర్ల నడుమ దూరి, సన్ననై, వేగమెక్కి, చుట్టలు చుట్టుకొని బయటపడుటను దినదినము చూచినవాడగుటచేతనో యేమో, కదలక యొకచోట పడియుండు వస్తువునందు ఆతనికి గౌరవము తక్కువ. పదవీ విరమణానంతరము తోటివారు కొందరు స్థలములు కొనిరి. కొందరు బిడ్డలవద్దకు అమెరికా వెళ్ళి మనుమల నెత్తుకొనిరి. ఈతడు మాత్రము చెన్నపట్టణములో ఎవరో ముచ్చటపడి కట్టించుకొని, ఆ ముచ్చట ఇంటిలోనివారి కంటకపోవుటచే అమ్మజూపిన యీ యింటిబండిని కొని కూర్చుండెను. దానిని ఇంటికి తెచ్చుకొనుటకు తోడుగా నన్నును, నేను వచ్చినచో వంట యెవరు చేయుదురను ప్రశ్నకు సమాధానముగా తన అప్పను, అనగా మా యావిడను, బయలుదేరదీసెను. ఆతని భార్య మాత్రము తాను పెండ్లాడినది మనిషినే కాని బండిని కాదని ముందే తేల్చిచెప్పి యింట నుండిపోయినది.

వ్యాను లోపలి వైభవమును గూర్చి కొంత చెప్పవలయును. డ్రైవరు సీటు వెనుక ఒక బల్ల. బల్లను లాగినచో మంచము. మంచమును సగము మడిచినచో భోజనమునకు పీట. ఒకటి యుండవలెనన్న రెండవది మాయము కావలసిన యీ సామగ్రి మధ్య మూరెడు వంటగట్టు, దానిమీద రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, ఒక్క గిన్నె మాత్రమే పట్టు సింకు. కప్పుమీద సోలారు పలకలు, క్రింద మంచినీళ్ళ ట్యాంకు, మురుగునీటికి వేరొక ట్యాంకు. స్నానాలగది యని మా బావమరిది సగర్వముగా తెరచి చూపినది నిలువెత్తు బీరువా. అందులోనికి పోయినవాడు తిరుగదలచినచో బయటికి వచ్చి తిరిగి మరల లోపలికి పోవలయును. మా యావిడ యంతయు సావధానముగా చూచి, “బాగానే ఉందిరా. తులసికోట ఎక్కడ పెట్టమంటావు?” అని యడిగెను. “డ్యాష్‌బోర్డు మీద పెట్టుకో అప్పా” అని వాడు వేళాకోళమునకు అన్నాడు కాని, ఆమె అంత పనియు చేసినది. తులసి మొక్కయొకటి ప్లాస్టిక్కు డబ్బాలో అద్దమునకు ఎదురుగా నిలిచి, దారిపొడవునను మాకంటె ముందుగా ఊళ్ళు చూచినది. ఎక్కుటకు కాలుపెట్టు ఇనుపమెట్టునకు ప్రతి యుదయమును పసుపు రాచి కుంకుమబొట్లు పెట్టుట గూడ మొదటి దినముననే నియమమయ్యెను.

ఇల్లు వెంటనే యున్నది గనుక ఇక ఒకరి దయాదాక్షిణ్యములతో మనకు పనిలేదని మా బావమరిది సిద్ధాంతము. హోటలువాని గది అద్దె అక్కరలేదు, బంధువుల యింట అర్ధరాత్రి తలుపు తట్టనక్కరలేదు, నచ్చినచోట నిలుపుదుము, నచ్చినంతసేపు నిలుతుము. చెన్నపట్టణము పొలిమేర దాటి, సూళ్ళూరుపేట దాటి, నాయుడుపేట దాటి, పెన్నమీదుగా నెల్లూరు విడిచి, రహదారి నడుమ నాటిన గన్నేరులు, కాగితపుపూలు రెండు ప్రక్కల వాహనములకు సమానముగా తలలూపుచుండగా, ఆ సిద్ధాంతము నిరాటంకముగా సాగినది. సూర్యుడు వాలినప్పటినుండియు దానికి చిక్కులు మొదలైనవి.

నడచుచున్నంతసేపు ఎవరును ప్రశ్నింపని బండి, నిలిచిన మరుక్షణమున అందరికిని సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. రోడ్డు ప్రక్కన నిలిపినచో పోలీసు జీపు వచ్చి, ఇక్కడ ప్రమాదమండీ, ముందుకు పొండి యని మర్యాదగానే చెప్పెను. తోటప్రక్కన నిలిపినచో తోటవాడు లాంతరు తెచ్చెను. ఒక హోటలు ముందు నిలిపినచో, భోజనము చేయుదురా యని యడిగి, వండుకొంటిమని తెలిసినతోడనే ఆ స్థలము బస్సుల కొరకని జ్ఞాపకము తెచ్చుకొనిరి. ఇల్లు లేనివాడు ఏ యరుగుమీదనో తువ్వాలు పరచుకొని పండుకొనవచ్చును. ఇంటితో వచ్చినవానికి ఇల్లంత జాగా కావలయును. ఈ సంగతి కావలి దాటిన పిదప, చీకటిలో, మూడవచోట లేచిపొమ్మనిపించుకొన్న తరువాత మాకు స్పష్టమైనది.

తుదకు ఒక పెట్రోలు బంకువారు నిలుపుకొననిచ్చిరి. నిలిపి తలుపు తీయునంతలో బంకు కుఱ్ఱవాడు, గాలి పట్టువాడు, టీకొట్టు ముందున్న నలుగురు, వారి వెనుక మరికొందరు చేరి, “ఏ హీరో వొచ్చుండాడన్నా?” యని యడిగిరి. మనదేశములో ఇట్టి బండిని జనులు చూచినది షూటింగులవద్దనే కదా! లోపలినుండి ముందుగా బట్టతలతో నేనును, పిదప గరిటెతో మా యావిడయు దిగిన క్షణమున ఆ ముఖములమీద వ్రాలిన నిరాశకు నేను బాధ్యుడను కాకపోయినను, కొంత అపరాధభావము కలిగెను. ఒక ముసలాయన మాత్రము నన్ను పైనుంచి క్రిందివరకు పరిశీలించి, “తండ్రి వేసాలు వేస్తాడనుకుంటా” యని తోటివారిని ఓదార్చెను.

ఈ చిక్కును మాకంటె ఎంతో ముందు, మాకంటె ఎంతో పెద్ద యెత్తున అనుభవించిన తెలుగువాడొకడున్నాడు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగలమీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల దారిని 1831 సెప్టెంబరు 3 న ఇల్లు చేరిరి. సుమారు నూరుగురు పరివారము, పల్లకీలు, బోయీలు, డేరాలు, వంట సామగ్రి: ఒక గ్రామమే కాళ్ళు వచ్చి నడచినట్లు సాగిన ప్రయాణమది. ఆయన ఇంటికి పోయిన కోస్తా దారినే మేము ఎదురుగా ఇంటికి వచ్చుచుంటిమి. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపగా 1838 లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను నేను లోగడ చదివినప్పుడు, ప్రతి మజిలీయందును ఈ యూరిలో అంగళ్ళున్నవి, నీళ్ళు మంచివి, దిగుటకు స్థలమున్నది, లేదు అని విసుగులేక వ్రాసిన వాక్యములను త్వరత్వరగా దాటిపోయెడివాడను. డేరాలున్నవాడు సత్రము కొరకింత వెదకనేల? కావలి దాటిన ఆ రాత్రి బంకువెలుతురులో నా కా పుస్తకము కొంత అర్థమయ్యెను. గుడారము కప్పు నిచ్చును కాని నేల నియ్యదు. నేల ఊరివారిది.

ఒంగోలు ప్రాంతములో పొగాకు బ్యారన్లనుండి వచ్చు తీయని మగ్గువాసనయు, కొరిశపాడువద్ద ఆపత్సమయమున యుద్ధవిమానములు దిగుటకు అడ్డుగోడ లేక తిన్నగా పరచిన రహదారియు తప్ప మరునాటి మధ్యాహ్నము వరకు చెప్పదగినది లేదు. ఒక టోల్‌గేటువద్ద మాత్రము, ఇది బస్సా, లారీయా, కారా యను మీమాంసలో మా వెనుక పది వాహనములు హారన్లతో పాల్గొనెను. లోపల మంచమున్నదని మేము వాదించితిమి. లారీలోను ఉండునని వారు వాదించిరి. వారిది సమంజసమైన వాదమని నాకు తోచినను, బావమరిది పక్షముననే మాటలాడవలసి వచ్చినది.

చిలకలూరిపేట దాటి ఎడ్లపాడు దరిదాపులకు చేరుసరికి రహదారికి రెండువైపుల నేల ఎఱుపెక్కినది. మిరప కల్లములు. ఫాల్గుణమాసములో గుంటూరు సీమను చూచినవాడు వసంతాగమనమును గూర్చి కోకిలల నడుగనక్కరలేదు. బారులు తీర్చి పరచిన కాయలు, వానినడుమ నడుచుటకు విడిచిన సన్ననిదారులు, వరుసలలో కూర్చుండి రంగు తప్పిన తాలుకాయలను వేరుగా నేరి బుట్టలలో వేయుచున్న ఆడవాండ్రు, ముక్కులమీదికి కట్టిన కొంగులు, ప్రక్కన గోనెబస్తాలు. మేము దారిప్రక్కన నిలిపి, వెనుకటి సాయంకాలము నేర్పిన వినయముతో, ఇక్కడ ఈ రాత్రి బండి పెట్టుకొందుమా యని ఒక రైతునడిగితిమి. ఆయన బండిని కాక మా యావిడను చూచి, “యాడికో ఎందుకమ్మా, మా కల్లంలోనే పెట్టుకోండి. రాత్రంతా నేను మేలుకునే ఉంటా గదా” యనెను.

ఆ రాత్రి చూచినంత దగ్గరగా మిరపకాయను నేనెన్నడును చూడలేదు. ప్రొద్దు వాలగానే మంచుకు తడియకుండునట్లు కాయలను చెక్కపలకలతో నెట్టి కుప్పలు చేసి, పట్టాలు కప్పి, అంచులకు రాళ్ళు పెట్టిరి. తెల్లవారి ఎండ యెక్కినతరువాత మరల పరతురట. చేత పట్టి యాడించినచో లోపలి గింజ గలగలమనవలె, అట్లని కాయ పెళుసై విరుగరాదట. తేమ యెక్కువైనచో మార్కెట్టు యార్డులో ధర పడును, తక్కువైనచో తూకము పడును. ఈ రెంటి నడుమ నున్న సన్నని యొడ్డుమీద రైతు పలుదినములు నడువవలయును. తేజా రకమునకు ఘాటెక్కువ, బాడిగకు రంగెక్కువ యని చెప్పుచు ఆయన రెండింటిని నా యరచేతిలో పెట్టెను. ఆ చేతిని నేను మరచి కంటికి తాకించితిని, తరువాతి కథ చెప్పనక్కరలేదు. మా యావిడ ఆయనకు ఉప్మా పెట్టినది. ఆయన తినుచు, ఇల్లుండగా మేమేల బండిలో నుంటిమని యడుగదలచియు అడుగక, “లోపల గాలాడుద్దా?” యని మాత్రము అడిగెను. గాలి ఆడినది. ఆడుచు, కల్లములోని ఘాటునంతను తెచ్చి మా తలగడలలో, తెరలలో, మడిచిన చీరలలో దాచినది. మరునాడు కృష్ణ దాటు వరకు కాఫీ సయితము కారముగానే యుండెను.

కనకదుర్గ వారధిమీద కృష్ణను దాటుచుండగా, మావలె ఇంటితో తిరిగిన మరియొకడు నాకు జ్ఞాపకము వచ్చెను. పాశ్చాత్యులలో వినోదమునకై ఇంటిబండి కట్టించుకొన్న ఆద్యులలో ఒకడు గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు విశ్రాంత వైద్యుడు. 1885 లో ‘వాండరర్’ అను పేర గుఱ్ఱములు లాగు బండి నొకదానిని చేయించుకొని, ఇంగ్లండు దక్షిణభాగమునుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ వరకు పోయినాడు. బండి రెండు గుఱ్ఱములకును లాగ కష్టమగు బరువు, ఇరుకుదారులలో ఎదురువచ్చువారికి అడ్డు. అందుచేత ఆయన సేవకుడొకడు మూడుచక్రముల సైకిలెక్కి ముందుగా పోయి దారి చూచి రావలసి యుండెడిది. పోయినతరమువారి కుతూహలములలో నాకు మిగుల నచ్చినది ఆ సైకిలే. పెద్దయిల్లు వెనుక వచ్చుచున్నది, కొంచెము చోటిత్తురా యని యడుగుటకు ముందొక మనిషి పోవలయును! అమెరికాలో ఈ యవసరమును కట్టడముచేతనే తీర్చిరి. అయోవా రాష్ట్రములోని ఫారెస్ట్ సిటీలో 1958 లో మొదలైన విన్నెబాగో వంటి సంస్థలు బండ్లు చేయుచుండగా, ఊరూర వెలసిన ఆర్.వి. పార్కులు ఒక్కొక్క బండికి ఒక్కొక్క గడి, గడిలో విద్యుత్తునకు ప్లగ్గు, నీళ్ళకు కుళాయి, మురుగునకు గొట్టము అమర్చిపెట్టినవి. కొడుకులవద్దకు పోయి వేసవిలో అట్టి బండిలో తిరిగివచ్చిన మనవారు ఆ సదుపాయములను నోరూరునట్లు వర్ణింతురు. డబ్బు కట్టుదురు, తీగె తగిలింతురు, ఎవరితోను మాటలాడనక్కరలేక నిద్రింతురు.

మురుగు మాట వచ్చినది గనుక, లలిత వ్యాసములో వ్రాయదగునా యని సంశయించుచునే వ్రాయుచున్నాను. ఆ రెండవ ట్యాంకు నిండుట యను ఘట్టమును కొనునప్పుడు ఎవరును వర్ణింపరు. దానిని దారిప్రక్కన కాలువలో వదలుట మా బావమరిది మనస్సున కంగీకారము కాలేదు. ఈ విషయమున ఆతడు నాకంటె ఉత్తముడు. అందుచే తెల్లవారుజామున ఏదో యొక బంకువద్ద, డీజిలు నిండుగా పట్టించిన తరువాత, మేనేజరును ప్రక్కకు పిలిచి, చెవిలో విన్నవించుకొని, వారి మరుగుదొడ్డివద్దకు గొట్టమును మోసికొని పోయెడివాడు. ఒకాయన విని నవ్వి, బకెట్లతో నీళ్ళుగూడ తెచ్చి పోసెను.

ఏలూరు దాటి, తణుకు దాటి, సిద్ధాంతమువద్ద వసిష్ఠను, రావులపాలెము దాటి జొన్నాడకు పోవుచు గౌతమిని దాటునప్పుడు వంతెనమీద నిలుపుటకు వీలులేదు గాని నిలువబుద్ధి పుట్టును. ఫాల్గుణములో గోదావరి సన్నగిలి, ఇసుకతిన్నెలు తేలి, లంకలలో అరటితోటలు, కూరగాయలపాదులు నీటియంచువరకు దిగివచ్చును. రావులపాలెమునకు దూరము కాని లంకలగన్నవరములో, వంతెనలు లేని కాలమున, పడవలు దిగి యలసివచ్చిన బాటసారులకు వేళగాని వేళలో వండిపెట్టిన డొక్కా సీతమ్మగారు 1909 వరకు జీవించిరి. నీవెవరవు, ఏ కులమువాడవని యడుగక ముందుగా విస్తరి వేసెడిదని ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు. ఆమె గుమ్మము ముందుకు మావంటివారు ఇల్లీడ్చుకొని వచ్చియుండినచో, స్టవ్వు ఆర్పించి లోపలికి రమ్మనియుండునని మా యావిడ యన్నది. కడియపులంకవద్ద నర్సరీల ముందు ఆగి ఆమె నాలుగు బంతి, రెండు మల్లె మొక్కలు కొన్నది. అవి స్నానాలగదిలో ప్రయాణము చేసినవి; ఆనాటినుండి స్నానము బంకు కుళాయి క్రిందనే.

అన్నవరమునకు చేరువగా కనుమలు రహదారికి దగ్గరవచ్చును. జీడితోటలు పూతమీద నుండును. కొండవాలులలో అక్కడక్కడ ఆకులన్నియు రాల్చిన మోదుగ నిప్పుకణికవలె కాక, నిజముగా ఆ చెట్టు వయస్సు తెలిసినట్లు, వంకరకొమ్మలనిండ పూచి నిలిచియుండును. రత్నగిరి సత్యదేవుని ప్రసాదమును రహదారి ప్రక్కనే కొని, ఆకుపొట్లము విప్పి, నేతితో మెరయు ఆ గోధుమనూక తీపిని నోట వేసికొనని లారీవాడు ఈ దారిలో అరుదు. అక్కడికి కొంతదూరములో లారీలు నిలుచు మైదానమున మాకు ఆ రాత్రి చోటు దొరకెను. అడిగినప్పుడు కాదనువాడు లేడు. ఏలయన అక్కడ అందరిదియు మా బ్రతుకే.

మా ప్రక్కన నిలిచిన ట్రెయిలరు గాజువాకది. నెల్లూరువైపు వైరు రాడ్డు చుట్టలు దింపి తిరిగివచ్చుచున్నది. చుట్టలని వినగానే మా బావమరిది ముఖము విప్పారినది. ఏ సైజువి, బిళ్ళకట్టి యున్నవా, తుప్పు పట్టలేదు కదా యని పెండ్లిచేసి పంపిన కూతురి క్షేమమువలె అడుగసాగెను. డ్రైవరు ఓపికతో సమాధానములు చెప్పి, మా బండిని చూడగోరెను. చూచినాడు. ప్రతి తలుపు తీసి, ప్రతి గొట్టమును ముట్టి, చివరకు స్టవ్వువద్ద నిలిచి, “ఇదేటండీ, పొయ్యి లోపలెట్టేసారు? ఎండలొచ్చేక ఇందుల కూకోగల్రేటి?” యనెను. తన బండి ప్రక్కకు మమ్ములను తీసికొనిపోయి, చక్రములనడుమ బిగించిన ఇనుపపెట్టె మూత తెరచెను. మూత వ్రాలి బల్లయయ్యెను. అందులో చిన్న గ్యాసుబండ, నల్లబడిన అల్యూమినియము గిన్నె, చాకు, మూతలు బిగించిన పాతసీసాలలో ఉప్పు, కారము, చింతపండు, సంచిలో ఉల్లిపాయలు. గాలి తగిలి మంట యారకుండునట్లు వంచి అమర్చిన రేకు. క్లీనరు ఎండుచేపలు వంకాయతో కలిపి కూర పెట్టినాడు. ఆ యరమూర పెట్టె ముందు మా వంటగట్టు చిన్నబోయినది.

తిన్న తరువాత ఆయన తన చక్రముపై వ్రేలు వేసి దుమ్ములో గీతలు గీయుచు ఈ రహదారిని మాకు మరల చెప్పెను. ఏ బంకులో స్నానమునకు నీళ్ళిత్తురు, ఏ ధాబాలో ఒక్క టీ త్రాగినను నులకమంచము వేయుదురు, ఏ మలుపువద్ద డీజిలు దొంగలుందురు గనుక పడుకొనరాదు, ఏ గుడివద్ద పూజారి బండివారని తెలిసి కుళాయి తాళము తీసి పెట్టును. వీరాస్వామయ్యగారి పుస్తకమునందువలెనే యుండెను. వ్రాయుటకు మిత్రుడు లేడు, అంతే. నెలలో ఎన్ని రాత్రులు ఇంట నుందురని మా యావిడ యడిగినది. “ఇల్లంటే?” యని యాయన నవ్వి, క్యాబినులో సీటువెనుక పరచిన పరుపును చూపెను. గాజువాకలో అద్దెయిల్లున్నదట, భార్య యున్నదట, బిడ్డ ఇంజినీరింగు చదువుచున్నదట. ఆ యింటి అద్దె కట్టుచున్నది ఈ పరుపేనట. ఈ మాటలను ఆయన గర్వముగానే చెప్పెను; మేము జాలిపడుటకు అవకాశమియ్యలేదు.

తుని దాటితిమి. నక్కపల్లి, ఎలమంచిలి దాటితిమి. అనకాపల్లిలో బెల్లపు ఋతువు ఇంకను నడచుచున్నది. గానుగల పాకము వాసన రోడ్డుమీదికి వచ్చి పలుకరించినది. లంకెలపాలెము వద్దనుండి ఇక దారి అడుగనక్కరలేదు. కూర్మన్నపాలెములో ఉక్కు కర్మాగారపు స్వాగతతోరణము ముందు మా బావమరిది తనంత తానే వేగము తగ్గించెను. 1966 లో ఆంధ్రుల హక్కని నినదించి ప్రాణములొడ్డి సాధించుకొనగా, 1971 జనవరి 20 న ఇందిరాగాంధి శంకుస్థాపన చేయగా, 1992 లో జాతికి అంకితమైన యీ కర్మాగారమునకు ఊళ్ళకు ఊళ్ళే తమ నేల నిచ్చి కదలిపోయినవి. ఇల్లు కదలుట వినోదమని మేము తలచుచున్న దారిమీదనే, కదలనొల్లని యిండ్లు కదలిన చరిత్ర యున్నది. ఈ మాట నేనన్నప్పుడు ఆతడు చాలసేపు ఏమియు పలుకలేదు. గేరు మార్చి, “మా బ్యాచిలో సగంమంది ఆ ఊళ్ళవాళ్ళే బావగారూ” అన్నాడు.

గాజువాక రద్దీలోబడి, రేవుప్రక్క దారిని నగరములోనికి వచ్చునప్పుడు సంజె చీకటులు క్రమ్మినవి. డాల్ఫిన్ నోస్ కొండకు ఆవల సముద్రములో లంగరువేసి నిలిచిన ఓడల దీపములు సాగరతీరమునుండి చూచువారికి పరిచితములే. 1933 అక్టోబరు 7 న సింధియా వారి జలదుర్గ మొదటిసారిగా ఈ రేవున ప్రవేశించినప్పటినుండి నేటివరకు నియమమొకటే: ఎంతటి యోడయైనను, వంటగదులు, పడకగదులు, వైద్యశాలయు గల యెంతటి తేలుమేడయైనను, తనకు తాను లోపలికి రారాదు. బయట వేచియుండవలయును, రేవు పైలటు ఎక్కి ఆ యిరుకు కాలువగుండ దారి చూపవలయును, బెర్తు ఖాళీ కావలయును. ప్రవేశద్వారమువద్ద అలల ధాటిని నిలుపుటకు జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను కావలెనని ముంచి గోడగా చేసిరి. ఊరూర తిరిగిన యిండ్లకు ఊరిలో స్థిరమైన చోటు దొరకిన సందర్భము నాకు తెలిసినంతలో అదియొకటే.

మహారాణిపేటలో మా యపార్టుమెంటు సెల్లారులోనికి బండి యెత్తు పట్టలేదు. వీధిలో నిలిపినచో ఎదురింటివారి కారు రాదు, ప్రక్కయింటివారికి వెలుతురు రాదు. కార్యదర్శిగారు సౌమ్యులు, మూడుదినముల గడువిచ్చిరి. మా బావమరిది యింటి సందులో ఆ మూడుదినములును లేవు. ఇంటిని ఇంటికి తెచ్చి, ఇంటివద్ద పెట్టుకొనుటకు చోటులేక, గాజువాక ఆటోనగర్లో ట్రెయిలర్లు నిలుపు ఒక యార్డులో నెల అద్దెకు పెట్టవలసి వచ్చెను. అన్నవరమువద్ద కలిసిన డ్రైవరే ఫోనులో ఆ యార్డువానికి చెప్పి కుదిర్చినాడు. ఆయన లేనిచో ఏమగుదుమో!

తాళముచెవి అప్పగించునప్పుడు యార్డు కావలి ముసలివాడు బండిచుట్టు ఒకమారు తిరిగి, కిటికీలోనుండి చూచి, గొంతు సవరించుకొనెను. “బాబూ, కొత్తమాసకి మా పిల్ల, అల్లుడు, సిన్నోళ్ళు నూకాలమ్మ జాతరకని వత్తన్నారండి. నా గది సూసారు గదా, నాను తిరగడానికే సోటుండదు. ఆ రెండు రాత్రులూ ఈళ్ళని ఇందుల పడుకోనిత్తారేటి?”

మా బావమరిది నావంక చూచెను. నేను మా యావిడ వంక చూచితిని. ఆమె అప్పటికే తలుపు తీసి, బల్ల యెట్లు లాగినచో మంచమగునో ముసలివానికి చూపుచున్నది. ఏ మీట నీళ్ళది, ఏ మీట దీపముది, రెండవ ట్యాంకు కథ యేమి యని మా బావమరిది పూర్తిగా చెప్పి, దిగుచు వెనుకకు తిరిగి, “స్టవ్వు మాత్రం బయట పెట్టుకోండి తాతా. లోపల ఉక్క పోస్తాది” అన్నాడు.